ఆర్తనాదమును ఆలకించిన శాసనకర్త: సర్ జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెన్

నడిరేయి పల్లెలో ఒక కేక వినబడును. పొరుగువాడు లాంతరు చేతబట్టుకొని పరుగున వచ్చును. కత్తిపోటు తిన్నవాడు వాకిట పడియుండి, తన్ను పొడిచినవాని పేరు చెప్పి కన్నుమూయును. పొడుచుట పొరుగువాడు చూడలేదు. అతడు వినినది ఆ పేరు మాత్రమే. తరువాత న్యాయస్థానమున బోనెక్కి అతడా పేరు చెప్పవచ్చునా? చెప్పరాదన్నచో హంతకుడు నిర్భయముగ ఇంటికి బోవును. చెప్పవచ్చునన్నచో, రేపు తమకు గిట్టనివాని పేరును చచ్చినవాని నోట బెట్టువారికి అడ్డేమి? ఈ రెండు భయముల నడుమ సన్నని త్రోవ దీసి, దానిని మన దేశమునకు శాసనముగ నిచ్చినవాడు సర్ జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెన్.

ఈ పేరు దేశభక్తులకు మరియొక కారణముచేత జ్ఞప్తియందుండవలసినది. రాజద్రోహపు సెక్షనును మన శిక్షాస్మృతిలో చేర్చినవాడును ఈతడే. ఒక చేతితో మూగబోవుచున్న గొంతునకు న్యాయస్థానమున చోటిచ్చి, వేరొక చేతితో మేలుకొనుచున్న జాతి గొంతును నొక్కిన ఈ పురుషుని చరిత్రను పక్షపాతము లేక తూచుట మనకు అవసరము. ఏలయన ఆయన వ్రాసిన వాక్యములు పేరు మార్చుకొని నేటికిని మన కోర్టులలో నిలిచియున్నవి.

స్టీఫెన్ 1829వ సంవత్సరము మార్చి 3వ తేదీన లండను నగరములోని కెన్సింగ్టనులో జన్మించెను. తండ్రి సర్ జేమ్సు స్టీఫెన్ వలసరాజ్యముల శాఖలో ప్రముఖోద్యోగి. 1833లో బ్రిటిషు వలసలలో బానిసత్వమును రద్దుచేసిన శాసనపు ముసాయిదాను వ్రాసినది ఆయన కలమే. విమర్శకుడుగ ప్రసిద్ధికెక్కిన లెస్లీ స్టీఫెన్ మన కథానాయకుని తమ్ముడు. నవలారచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఆ తమ్ముని కుమార్తె. ఈటన్ పాఠశాలలో ఫిట్జ్‌జేమ్సును పెద్ద పిల్లలు మిక్కిలి హింసించిరి. బలము లేనిచో న్యాయము నిలువదన్న నమ్మకము ఆయన మనస్సులో అచ్చటనే నాటుకొనెనని చెప్పుదురు. అది జన్మాంతము ఆయనను విడువలేదు. పిదప లండనులోని కింగ్సు కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివెను. తనకు ముందు భారతదేశమున న్యాయసభ్యుడైన హెన్రీ మెయిన్ ఆయనకు కేంబ్రిడ్జి నాటి స్నేహితుడు.

1854లో బారిస్టరు పట్టము పుచ్చుకొనెను గాని, మొదటి దినములలో వ్యాజ్యములు వెల్లువగా రాలేదు. అందుచేత కలము చేతబట్టెను. 1855లో వెలసిన శాటర్డే రివ్యూ పత్రికకును, 1865లో ఆరంభమైన పాల్ మాల్ గెజెటుకును ఆయన వ్రాసిన వ్యాసములకు లెక్కలేదు. కోర్టు నుండి వచ్చుట, వ్యాసము వ్రాయుట, మరల కోర్టునకు బోవుట ఆయన దినచర్య. సూటియైన వాక్యము, మొగమాటము లేని తర్కము ఆయనకు అలవడినది పత్రికావృత్తి యందే. పత్రికలవారిని శిక్షించు సెక్షనును మనకిచ్చినవాడు స్వయముగ పత్రికారచయిత యగుట విధివైపరీత్యము.

ఆ కాలపు సంగతి యొకటి ఆయనకు గౌరవము తెచ్చునది. 1865లో జమైకా ద్వీపమున చెలరేగిన అల్లరిని గవర్నరు ఐర్ అతిక్రూరముగ అణచి, వందలకొలది నల్లజాతివారిని చంపించెను. ఆ గవర్నరును నేరస్థుడుగ న్యాయస్థానమున నిలువబెట్టవలెనని ఇంగ్లండులో కొందరు పూనుకొనగా, వారి పక్షమున వాదించిన న్యాయవాదులలో స్టీఫెన్ ఒకడు. ప్రయత్నము ఫలింపలేదు. అయినను, అధికారి యైనంత మాత్రమున శాసనమునకు అతీతుడు కాడని ఆనాడాయన గట్టిగ నమ్మెను.

1869 చివర స్టీఫెన్ గవర్నరు జనరలు సభలో న్యాయసభ్యుడై కలకత్తా చేరెను. ఇచ్చట ఉన్నది రెండున్నర సంవత్సరములకు లోపే. ఆ స్వల్పకాలములో ఆయన చేసిన పని చూచినచో ఆశ్చర్యము కలుగును. సాక్ష్యచట్టము, కాంట్రాక్టు చట్టము, క్రొత్త క్రిమినలు ప్రొసీజరు కోడు, ఈ మూడును 1872లోనే వెలువడినవి. ఇందు మొదటిది పూర్తిగ ఆయన సొంత నిర్మాణము. అంతకుముందు దేశమున సాక్ష్యవిషయమై ఏకరూపత లేదు. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములలోని పెద్దకోర్టులు ఇంగ్లీషు న్యాయమును అనుసరించుచుండెను. మొఫస్సిలులో పాత మహమ్మదీయ న్యాయపు శేషములు కొన్ని, 1855 నాటి చిన్న చట్టము ఒకటి, న్యాయాధిపతుల అలవాటు కొంత, ఇవి కలగలిసియుండెను. 1868లో లండనులోని కమిషనువారు పంపిన 39 సెక్షనుల ముసాయిదా ఈ దేశమునకు చాలదని పెద్దలు త్రోసివేసిరి. స్టీఫెను దానిని ప్రక్కనబెట్టి, మొదటినుండి క్రొత్తగ 167 సెక్షనుల శాసనమును రచించెను.

ఆ శాసనము ముగింపునకు వచ్చునప్పటికి దేశమున విషాదము క్రమ్మియుండెను. 1872 ఫిబ్రవరి 8న అండమానులోని పోర్టుబ్లేరులో వైస్రాయి మేయో ప్రభువు ఒక ఖైదీ చేత హతుడయ్యెను. మద్రాసు గవర్నరు నేపియరు ప్రభువు తాత్కాలికముగ గవర్నరు జనరలు పదవి వహించియుండగా, మార్చి 15న సాక్ష్యచట్టమునకు ఆమోదము లభించెను. సెప్టెంబరు 1 నుండి అది అమలులోనికి వచ్చెను.

ఇక అసలు విషయమునకు వత్తము. మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షముగ నుండవలెనన్నది ఈ చట్టమునకు పునాది. చూడదగినదానిని చూచినవాడు చెప్పవలెను. వినదగినదానిని వినినవాడు చెప్పవలెను. కర్ణాకర్ణిగ వచ్చిన మాట పనికిరాదు. దానిని మొదట పలికినవాడు ప్రమాణము చేయలేదు. ఎదుటి వకీలు అతనిని అడ్డుప్రశ్నలు వేయలేడు. నోటినుండి నోటికి మారునప్పుడు మాట పెరుగును. ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. సాక్షి యన్న పదములోనే కన్ను ఉన్నది. ఎదుట చూచుటచేతను వినుటచేతను సాక్ష్యము సిద్ధించునని మనువు చెప్పియున్నాడు. అంతేకాదు, నియమింపబడిన సాక్షి మరణించినను, దేశాంతరము పోయినను, అతని మాట వినినవారు ప్రమాణమగుదురని విష్ణుధర్మసూత్రము అనుమతించినది. నియమమును దానికి అపవాదమును మన పూర్వులును ఎరిగియుండిరి.

ఇంగ్లీషు న్యాయములో ఇట్టి అపవాదములకు రెస్ జెస్టే యని ఒక లాటిను పేరుండెను. జరిగిన కార్యములని దాని యర్థము. ఒక కార్యము జరుగుచుండగా దానితో పెనవైచుకొని వెలువడిన మాట, ఆ కార్యములో భాగమే గాని, దానినిగూర్చి పిమ్మట చెప్పిన కథ కాదన్నది దాని తాత్పర్యము. కాని ఆ పదమును పండితులు తమకు తోచినట్లెల్ల సాగదీసి, అర్థము తెలియని ప్రతిచోటను వాడుచుండిరి. స్టీఫెన్ తన చట్టములో ఆ లాటిను మాటను ఎక్కడను రానీయలేదు. ఆరవ సెక్షనులో, వివాదాంశముతో కలిసి ఒకే వ్యవహారములో భాగమగునట్టి సంగతులు, అదే కాలమున అదే స్థలమున జరిగినను, వేరు కాలములందు వేరు స్థలములందు జరిగినను, గ్రాహ్యములని వ్రాసెను. దానిక్రింద ఒక ఉదాహరణము నిచ్చెను: ఒకడు వేరొకనిని కొట్టి చంపినాడని అభియోగము. కొట్టుచున్నప్పుడు గాని, దానికి కొంచెము ముందు గాని, కొంచెము తరువాత గాని, కొట్టినవాడు, దెబ్బతిన్నవాడు, చుట్టునున్నవారు ఏమనిరో, ఏమి చేసిరో, అది అదే వ్యవహారములో భాగమైనచో, సాక్ష్యమగును. పల్లెలోని మునసబునకును అర్థమగు మాటలు! దీనివెనుకనున్న యూహ సులభమైనది. గాయపడినవానికిని, భయముచే కంపించువానికిని అబద్ధమల్లుటకు తీరిక యుండదు. ఆలోచన మేల్కొనుటకు ముందే నోరు పలికిన మాటకు కల్పన అంటదు.

మరణించినవారి మాటను గూర్చి 32వ సెక్షనులో ఆయన ఇంకొక అడుగు ముందుకు వేసెను. ఇంగ్లండులో మరణవాఙ్మూలము చెల్లవలెనన్న, చెప్పినవాడు తాను బ్రతుకనని నిరాశ చేసికొని యుండవలెను; అభియోగము హత్యాభియోగమే కావలెను. స్టీఫెన్ ఈ రెండు కట్టుబాట్లను తీసివేసెను. తన మరణకారణమును గూర్చి గాని, మరణమునకు దారితీసిన పరిస్థితులను గూర్చి గాని చెప్పిన మాటయైనచో చాలును. అప్పుడతడు చావును ఎదురుచూచుచుండుట అవసరము లేదు. 1885లో అలహాబాదు హైకోర్టునకు వచ్చిన ఒక కేసులో, గొంతు కోయబడి మాటాడజాలని ఒక యువతి, ప్రశ్నలకు చేతి సైగలతో సమాధానమిచ్చి మరణించెను. ప్రశ్నలతో కలిపి చూచినచో ఆ సైగలు మాటలతో సమానమేనని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. గొంతు పోయినదాని వాక్కును వినుటకును ఆ సెక్షనులో చోటు దొరికెను.

మన తెలుగుదేశముతో సంబంధించిన కేసు ఒకటి ఈ సెక్షనునకు ప్రసిద్ధమైన వ్యాఖ్యయైనది. 1937 మార్చిలో పూరీ స్టేషనున, మూడవ తరగతి రైలుబండిలో ఒక ఇనుప పెట్టె దొరకెను. అందు ముక్కలు చేయబడిన ఒక పురుషుని శవముండెను. అతడు పిఠాపురము దివానుగారివద్ద పనిచేసిన బంట్రోతు. ఇల్లు వదలునప్పుడు, తనకు రావలసిన బాకీ సొమ్ము ఇచ్చెదము రమ్మని ఉత్తరము వచ్చినదనియు, అందుకై బరంపురము పోవుచున్నాననియు భార్యతో చెప్పియుండెను. ఆ యిల్లాలు ఆ మాటను కోర్టులో చెప్పవచ్చునా యన్న ప్రశ్న లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. అతడు బయలుదేరునప్పుడు మృత్యుభయము లేదు. ఏ నేరమును అప్పటికి జరుగలేదు. అయినను ఆ ప్రయాణమే మరణమునకు దారితీసిన పరిస్థితి గనుక ఆ మాట చెల్లునని 1939లో ఆట్కిన్ ప్రభువు తీర్పు చెప్పెను. ఇంగ్లండు న్యాయమే అమలులో నుండినయెడల ఆ వితంతువు మాట కోర్టు గడప దాటియుండెడిది కాదు.

అదే కాలమున ఇంగ్లండు ఎట్లుండెనో చూడుడు. 1879లో ఒక స్త్రీ గొంతు కోయబడి గదిలోనుండి బయటికి వచ్చి, తనకు కీడు చేసినవానిని గూర్చి ఒక మాట పలికి కొలది నిమిషములలో మరణించెను. కోత ముగిసిన పిదప ఆ మాట వచ్చినది గనుక అది కార్యములో భాగము కాదని ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ దానిని నిరాకరించెను. ముద్దాయికి ఇతర సాక్ష్యముచే శిక్ష పడెను గాని, ఆ నిరాకరణ నూరేండ్లు ఆ దేశపు న్యాయమును వెంటాడెను. 1971లో ప్రివీ కౌన్సిలు, ఒక స్త్రీ మరణమునకు కొంచెము ముందు పోలీసులను పిలువుమని టెలిఫోనులో ఆక్రందించిన కేసులో, దృష్టిని మార్చెను. గడియారపు లెక్క ముఖ్యము కాదు. కల్పించుటకు అవకాశముండెనా లేదా యన్నదే ముఖ్యమని నిర్ణయించెను. 1987లో ప్రభువుల సభ దానిని ఇంగ్లండునకు స్థిరపరచెను.

అయితే ఈ మనుష్యుని రెండవ చేతిని గూర్చియు చెప్పవలెను. 1870లో ఆయన ప్రవేశపెట్టిన చట్టముచేతనే 124-ఏ సెక్షను శిక్షాస్మృతిలో చేరెను. దానిక్రింద లోకమాన్య తిలకు 1897లోను 1908లోను శిక్షింపబడెను. అదే 1908లో బెజవాడ పత్రికలో వెలువడిన వ్యాసమునకై మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాలకేగిరి. 1922లో మహాత్ముడు ఆ నేరమును తానే ఒప్పుకొని ఆరేండ్ల శిక్షను శిరసావహించెను. ఇక 1871లో, స్టీఫెన్ న్యాయసభ్యుడుగ నుండగనే, నేరజాతుల చట్టము వెలసెను. ఒక కులములో పుట్టినంతమాత్రమున మనుష్యులను దొంగలుగ ఎంచి పట్టీలో చేర్చిన చట్టమది. తరువాత మద్రాసు రాజధానికిని విస్తరించి, మన ఎరుకలవారిని బాపట్ల సమీపమున స్టూవర్టుపురము వంటి నిర్బంధగ్రామములలో పెట్టినది. 1952లో గాని అది రద్దు కాలేదు. ఒక్క మనుష్యుని శిక్షించుటకు వినికిడి మాట చాలదన్న ప్రభుత్వము, ఒక జాతినంతటిని వినికిడి మాటపైననే శిక్షించెను. సాక్ష్యచట్టము అచ్చయినది ఆ మరుసటి సంవత్సరమే.

1872 వసంతమున స్వదేశమునకు ఓడయెక్కిన స్టీఫెన్, ప్రయాణములోనే జాన్ స్టూవర్టు మిల్లు స్వేచ్ఛావాదమును ఖండించు గ్రంథమునకు పూనుకొనెను. స్వేచ్ఛ, సమత, సౌభ్రాత్రములను గూర్చిన ఆ గ్రంథము 1873లో వెలువడెను. బలమే సమాజమునకు ఆధారమన్న ఈటను నాటి పాఠము అందు సిద్ధాంతరూపము దాల్చెను. 1883లో యూరోపియనులను భారతీయ న్యాయాధిపతులు విచారింపవచ్చునన్న ఇల్బర్టు బిల్లు రాగా, స్టీఫెన్ టైమ్సు పత్రికకు లేఖ వ్రాసి, భారతదేశమున ప్రభుత్వమునకు పునాది సమ్మతి కాదనియు జయించుటయే యనియు వాదించెను. జమైకా గవర్నరుపై వాదించిన న్యాయవాది ఎచ్చటికి పోయెనో!

ఇంగ్లండులో ఆయన కోరినది ఫలింపలేదు. ఆ దేశమునకై వ్రాసిన సాక్ష్యబిల్లు 1873లోను, నేరస్మృతి 1880 ప్రాంతమునను మూలబడినవి. ఆ నేరస్మృతి 1892లో కెనడాకు ఆధారమయ్యెను గాని స్వదేశమునకు పనికిరాలేదు. చర్చలు, ఓట్లు, ఎన్నికలు ఉన్న దేశమున ఒక మనుష్యుని కలము శాసనము కాజాలదు. మన నోరు కట్టివేయబడి యుండుటచేతనే ఆయన పని ఇచ్చట అంత త్వరగ సాగెనన్న నిజమును మనము మరువరాదు.

1879లో ఆయన హైకోర్టు న్యాయమూర్తి యయ్యెను. 1885లో పక్షవాతము సోకెను. 1889లో లివర్‌పూలున, భర్తకు పాషాణము పెట్టినదన్న అభియోగముపై ఫ్లారెన్సు మేబ్రిక్ అను అమెరికాదేశపు స్త్రీని ఆయన విచారించెను. జూరీకి రెండు దినములపాటు చేసిన ఉపన్యాసములో, విషప్రయోగపు సాక్ష్యముకంటె ఆమె శీలదోషమునకే ప్రాధాన్యమిచ్చెనని దేశమంతట అలజడి పుట్టెను. మరణశిక్ష యావజ్జీవముగ మారెను. 1904లో ఆమె విడుదలయయ్యెను. సాక్ష్యమును జల్లెడపట్టుట లోకమునకు నేర్పినవాని చేతిలోనే జల్లెడ జారిపోయెను. 1891లో పదవి విరమించి, 1894 మార్చి 11న ఇప్స్విచి యొద్ద పరమపదించెను.

ఆయన సెక్షను మన చేతులలో ఎట్లు నిలిచినది? 1993లో చిలకలూరిపేట సమీపమున ఒక బస్సు తగులబెట్టబడి ఇరువదిమువ్వురు ప్రయాణికులు మరణించిరి. గాయపడిన కొందరి వాఙ్మూలములను, వారు బ్రతుకరన్న భయముతో మేజిస్ట్రేటు వ్రాసికొనెను. వారు దైవవశమున బ్రతికిరి. ఆ వాఙ్మూలములను ఆరవ సెక్షను క్రింద స్వీకరింపవలెనని ప్రభుత్వపక్షము కోరగా, సంఘటనకును వాఙ్మూలమునకును నడుమ చెప్పుకోదగిన వ్యవధి యుండుటచే చెల్లవని 1996లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. నేరము ఎంత ఘోరమైనను నియమము సడలలేదు. ఇతర సాక్ష్యముపైన శిక్ష నిలిచినది.

ఈ వ్యవధి సంగతి మన గ్రామములకు ప్రాణప్రదమైనది. పార్టీ కక్షలున్న ఊరిలో ఒకడు దెబ్బతినగానే పెద్దలు చావడిలో చేరుదురు. ఎవరి పేరు చేర్చవలెను, ఎవరి పేరు వదలవలెనన్న మంతనము జరుగును. తెల్లవారునప్పటికి ఇద్దరు ముద్దాయిలు ఎనమండుగురగుదురు. దెబ్బతిన్నవాని నోట మొదట వెలువడిన మాటకును, మంతనము తరువాత వచ్చిన మాటకును భూమ్యాకాశముల భేదము. ఆరవ సెక్షను మొదటి మాటను లోనికి పిలిచి, రెండవదానిని వాకిటనే నిలుపును. మొదటి మాటయైనను నిర్దోషమని చెప్పరాదు. భయకంపితుడైనవాడు అబద్ధమాడకపోవచ్చును గాని, చీకటిలో పొరబడవచ్చునని మనస్తత్వవేత్తలు ఇరువదవ శతాబ్దమున హెచ్చరించిరి. కావున స్వీకరించుట వేరు, నమ్ముట వేరు.

2024 జూలై 1న స్టీఫెన్ చట్టము రద్దయి, భారతీయ సాక్ష్య అధినియమము దాని స్థానమునకు వచ్చెను. ఆరవ సెక్షను నాల్గవదయ్యెను, ముప్పదిరెండవది ఇరువదియారవదయ్యెను. మాటలు దాదాపు మారలేదు. మనకు స్వాతంత్ర్యము వద్దన్నవాని వాక్యములను మన శాసనసభలు తిరిగి ఆమోదించుటలో సిగ్గుపడవలసినది లేదు. పరాయివాడు త్రవ్వించిన బావియైనను నీరు తియ్యనిదైనచో త్రాగవచ్చును. ఉప్పునీటి బావిని మాత్రము పూడ్చవలెను. 124-ఏ అట్టిది. 2022లో సుప్రీముకోర్టు దాని అమలును నిలిపివేసెను; 2024లో పాత శిక్షాస్మృతితోపాటు అది పోయెను. దాని ఛాయ క్రొత్త స్మృతిలో 152వ సెక్షనుగ మిగిలియున్నదన్న వాదము తీరలేదు. ఆ విషయమున పౌరులు కన్నులు తెరచియుండవలెను.

స్టీఫెన్ గాయపడినవాని అప్రయత్న వాక్కును నమ్మెను. గాయపడిన దేశము ఆలోచించి పలికిన వాక్కును నమ్మలేకపోయెను. ఆయన గొప్పతనమును కొరతయు ఇందే యున్నవి. మన వంతు కర్తవ్యము వేరు. ఒకనాడు మన వాకిటనే ఆ నడిరేయి కేక వినబడవచ్చును. అప్పుడు లాంతరు పట్టుకొని పోయినవాడు వినినదానిని వినినట్లు చెప్పవలెను. ఒక పేరు కలుపరాదు, ఒక పేరు తీయరాదు. ఎంతటి శాసనకర్తయైనను ఆ పొరుగువాని సత్యసంధతను సెక్షనులో వ్రాసి యీయజాలడు.